మోటారు షెడ్డు తాళంచెవి

సీతానగరము దగ్గర కృష్ణనుండి పశ్చిమ డెల్టా కాలువ విడివడి వచ్చుచోట, ఎండ వాలిన పిమ్మట గట్టుమీద చేరు పెద్దలలో ఒకరిని నేను కొంతకాలముగా ఎరుగుదును. వారిది ఉండవల్లి. పేరు చెప్పను, చెప్పినను ప్రయోజనము లేదు, ఏలయన ఆ కథ ఆ చుట్టుపట్ల ఒక్కరిదే కాదు. కొండకు దిగువ మూడెకరముల జరీబు నేలలో నలువదియేండ్లు కూరగాయలు, మల్లెలు, నడుమ నడుమ అరటి పండించిన మనిషి. 2015లో రాజధానికై భూసమీకరణ జరిగినప్పుడు తాడేపల్లి మండలములో కొందరు భూమి ఇచ్చిరి, కొందరు ఇవ్వమనిరి. ఈయన ఇచ్చినవారిలో చేరెను. ఆ నిర్ణయము మంచిదా, చెడ్డదా యను చర్చకు ఈ అధ్యాయములో చోటు లేదు. ఆయనయు ఆ చర్చ చేయడు. జరీబు ఎకరమునకు ఏటికి 50,000 రూపాయలతో మొదలై ఏటేట పెరుగు కౌలు ఒప్పందములో ఉన్నది. ఇల్లు గడచుచున్నది. కుమారుడు హైదరాబాదులో ఉద్యోగి. బి.పి. మాత్ర తప్ప వేరు మందు లేదు.

అయినను ఆయనకు సుఖము లేదు. "నాలుగింటికల్లా మెలకువొచ్చుద్ది మాస్టారూ. మొగ్గ కోయించాలిగా, ఆ అలవాటు. లేచి చెప్పులేసుకుంటా. గడప దిగినాక గుర్తొచ్చుద్ది, పోవాల్సింది ఎక్కడికీ లేదని." ఈ మాట ఆయన నవ్వుచునే చెప్పెను. చెప్పుచుండగా చేయి నడుము దగ్గరకు పోయెను. మొలత్రాటికి కట్టిన చిన్న ఇత్తడి తాళంచెవి ఒకటి, అరిగి అంచులు మెరయుచున్నది, అప్పుడు నా కంటబడెను.

"దేనిదండీ అది?"

"మోటారు షెడ్డుది."

"షెడ్డు ఉందా?"

"ఎక్కడి షెడ్డు! ఎప్పుడో తీసేశారు."

ఇక ఆ సాయంకాలము మేము తాళంచెవిని గూర్చి మాటలాడలేదు.

ఆయనకు ఇంటివారును బంధువులును చేసిన చికిత్సలను వరుసగా విన్నచో, మనశ్చికిత్సలోని సంప్రదాయములన్నియు మన వీధి అరుగులమీదనే పుట్టినవేమో యనిపించును. ఇల్లాలు దిష్టి తీసి, అది చాలక దర్గాకు పోయి తాయెత్తు కట్టించినది. కుమారుడు ఫోనులో నడక, నూనె తగ్గించుట, నిద్రమాత్ర అను మూడింటిని ఆజ్ఞాపించెను. బావమరిది, "డబ్బుకు లోటు లేదు, పిల్లాడు సెటిలయ్యాడు, ఇంకేం కావాల బావా నీకు?" అని కసరెను. భజన మందిరపు స్నేహితుడు భూమియు మాయయే, కౌలును మాయయే యని ఓదార్చెను. బాధ బయటినుండి వచ్చి సోకినదని ఒకరు, ఒంటిలో ఉన్నదని ఒకరు, తప్పు ఆలోచనలో ఉన్నదని ఒకరు, అసలు బాధయే లేదని ఒకరు నిశ్చయించుకొనిరన్నమాట. వీరిలో ప్రేమ లేనివారు లేరు, మూర్ఖులును లేరు. నాలుగింటికి గడప దిగి నిలిచిపోవు మనిషి ఆ గడప దగ్గర ఏమి చూచుచున్నాడో అడిగినవారు మాత్రము లేరు.

శాస్త్రము కూడ చిరకాలము ఇట్లే భిన్నమార్గముల నడచినది. వియన్నాలో ఫ్రాయిడు, మన దుఃఖములకు మూలము మనమెరుగని చిత్తపు అడుగుపొరలలో, బాల్యములో, అణచిపెట్టిన కోరికలలో ఉన్నదని చెప్పి, రోగిని పడుకోబెట్టి మాటలాడించు పద్ధతిని నెలకొల్పెను. ఆ విద్య మన దేశమునకు చాల త్వరగా వచ్చినది. కలకత్తాలో గిరీంద్రశేఖర బోసు 1922లోనే భారత మనోవిశ్లేషణ సంఘమును స్థాపించి, ఫ్రాయిడుతో ఉత్తరముల ద్వారా వాదములు కూడ జరిపెను. అయితే వారమునకు నాలుగైదు పర్యాయముల చొప్పున ఏండ్ల తరబడి సాగు ఆ చికిత్స, వరికోతకు మనుష్యులు దొరకుట లేదని తిరుగు గృహస్థునకు అందుబాటులో ఉండునది కాదు.

తరువాత వచ్చినవారిలో ఆరన్ బెక్ అను అమెరికా వైద్యుని మార్గము మనవారికి సులభముగా బోధపడును. 1960ల ప్రాంతమున ఆయన, దిగులుపడిన మనిషి తలలో కొన్ని ఆలోచనలు తమంతట తాము పుట్టుచుండుననియు, అవి నిజమని ఆ మనిషి పరీక్షింపకయే నమ్ముననియు, పరీక్షించుట నేర్పినచో దిగులు తగ్గుననియు గ్రహించెను. మిరపకల్లములో ఆడవారు కూర్చుండి కాయలు ఏరుటను చూచినవారికి ఇంతకంటె వ్యాఖ్యానము అక్కరలేదు. కుప్పంతయు దూరమునకు ఎర్రగానే యుండును. చేతిలోనికి తీసికొని చూచినప్పుడే ఇది నిగనిగలాడు మంచి కాయ, ఇది రంగు దిగిన తాలు కాయ యని తెలియును. తాలును వేరుచేయక టిక్కీ కట్టినచో గుంటూరు యార్డులో సరుకంతటికి ధర పడిపోవును. "నేను ఎందుకు పనికిరాను", "ఎవరికీ నేను అక్కరలేదు" అను తలపులను ఒక్కొక్కటిగా చేతికెత్తి చూచుటయే బెక్ నేర్పినది. చదివినవారు నవ్వవచ్చును గాని, ఈ పద్ధతికున్నంత పరిశోధనాబలము వేరు మాటల చికిత్సలలో దేనికిని లేదు. దీనికి దగ్గరి చుట్టము మరియొకటి కలదు: దిగులు తగ్గిన పిమ్మట పని చేయుదమని కూర్చుండక, చిన్న పనితో మొదలుపెట్టినచో దిగులే పలుచబడునని చెప్పునది. గోవాలో సంగాత్ అను సంస్థవారు మనోవైద్యులు కాని సామాన్యులకే శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఈ పద్ధతిని నడపి, మేలు కలిగినదని 2017లో లాన్సెట్ పత్రికలో నిరూపించిరి. సహాయము చేయుటకు గోడమీద పెద్ద పట్టా వ్రేలాడనక్కరలేదని నాకు ధైర్యము కలిగించిన విషయములలో ఇది ఒకటి.

మరొక మార్గమును చెప్పకుండ పోజాలను. 1950లలో అమృతసర మానసిక వైద్యశాలలో స్థలము చాలక, డాక్టరు విద్యాసాగర్ ఆవరణలో గుడారములు వేయించి, రోగితోబాటు తల్లినో, భార్యనో, అన్ననో కూడ అందులో ఉంచెను. గొలుసులు, తలుపులు చేయలేని పనిని పక్కన వంట వండుచున్న తల్లి చేసినది. రోగులు త్వరగా ఇండ్లకు పోయిరి, ఇంటివారికి భయము పోయెను. పుస్తకములు వ్రాయుటకు ఆయనకు తీరిక లేకపోయెనేమో గాని, కుటుంబమును చికిత్సలో భాగముగా చూచుట మన దేశము లోకమునకు ఇచ్చిన కానుకయని నిస్సంకోచముగా చెప్పవచ్చును. మరియొక మనోవైద్యుడు జస్వంత్ సింగ్ నేకీ, 1973లో, వైద్యునకు రోగికి నడుమ సంబంధము మన దేశములో గురుశిష్య సంబంధమువలె ఉండవచ్చునని ప్రతిపాదించెను. దీనికి ఋజువుగా మనవారు అర్జునుని విషాదమును ఉదాహరింతురు. మంచిదే. కాని పదునెనిమిది అధ్యాయములు వినుటకు ఓపిక గల రోగియు, రెండు సేనల నడుమ రథమాపి చెప్పుటకు తీరిక గల వైద్యుడును ఒకచోట దొరకుట ఎంత అరుదో వారు తలపరు.

ఇక ఈ అధ్యాయమునకు ముఖ్యమైనది అస్తిత్వ మనశ్చికిత్స. దీని మూలములు డెన్మార్కు తత్త్వవేత్త కీర్కెగార్డు రచనలలో ఉన్నవని పండితులందురు. స్విట్జర్లాండులో బిన్స్‌వాంగరు, మెడార్డ్ బోస్ దానిని వైద్యమునకు తెచ్చిరి. ఈ బోస్ 1950లలో మన దేశమునకు వచ్చి, ఇక్కడి పెద్దలతో మాటలాడి, ఆ యాత్రను గూర్చి పుస్తకము కూడ వ్రాసెను. 1958లో రోలో మే ప్రభృతులు ఆ యూరోపు వ్యాసములను అమెరికావారికి అందించిరి. ఈ సంప్రదాయము మనిషిని యంత్రముగా, చెడిపోయిన భాగముల కూటమిగా చూడదు. బ్రతుకుటలోనే కొన్ని కష్టములున్నవి. అవి రోగములు కావు. వానినుండి మొగము త్రిప్పుకొన్నప్పుడు పుట్టు వెలితియే పలు రోగముల వేషము వేసికొని వచ్చునని చెప్పును.

విక్టర్ ఫ్రాంక్ల్ పేరు మీరు వినియుందురు. 1905లో వియన్నాలో పుట్టిన ఈ యూదు వైద్యుడు 1942లో నాజీల చెరలో పడెను. మూడేండ్లలో నాలుగు నిర్బంధ శిబిరములు మారెను. తల్లిని, తండ్రిని, సోదరుని, భార్యను కోల్పోయెను. బయటపడిన మరుసటి యేడు, 1946లో, ఆ అనుభవమును చిన్న పుస్తకముగా వ్రాసెను. అర్థము కొరకైన అన్వేషణయే మనిషిని నడపు ప్రధాన శక్తి యనియు, ఆ అర్థము చేయు పనిలోను, ప్రేమలోను, తప్పింపరాని బాధను భరించు తీరులోను దొరకుననియు ఆయన సిద్ధాంతము. భార్య పోయి రెండేండ్లయినను తేరుకొనలేని ముసలి వైద్యుడొకడు ఆయనవద్దకు వచ్చెనట. ఫ్రాంక్ల్ ఓదార్చలేదు, మీరే ముందు పోయియుండినచో ఆమె గతి ఏమి యని అడిగెను. ఆమెకు భరించరాని దుఃఖమయ్యెడిదని అతడనెను. ఆ దుఃఖము ఆమెకు లేకుండ మీరు తప్పించితిరి, అయితే దానికి మూల్యము మీరు బ్రతికి ఏడ్చుట యని వైద్యుడు చెప్పగా, వచ్చినవాడు చేయి కలిపి మౌనముగా వెడలిపోయెను. ఇక్కడ పోయిన భార్య తిరిగి రాలేదు, దుఃఖమును పోలేదు. బౌద్ధుల కథలో చచ్చిన బిడ్డను ఎత్తుకొని వచ్చిన కిసాగోతమిని బుద్ధుడు, చావు లేని ఇంటినుండి గుప్పెడు ఆవాలు తెమ్మని ఇల్లిల్లు త్రిప్పినదియు ఈ కోవకు చెందినదే. ఉపదేశము వినిపించి కూర్చుండబెట్టక, నడిపించిన గురువతడు.

అమెరికాలో ఇర్విన్ యాలమ్ 1980లో వ్రాసిన బృహద్గ్రంథములో, మనిషి తప్పించుకొనలేని విషయములు నాలుగని ఏర్పరచెను: మరణము, స్వేచ్ఛ, ఏకాకిత్వము, అర్థశూన్యత. ఈ నాలుగును కాలిఫోర్నియాలోనే కాక కనకదుర్గ వారధికి ఈవల కూడ ఉన్నవి. తాడేపల్లిలో కొత్తగా లేచిన అపార్టుమెంట్లలో, అమెరికాలో పిల్లలున్న వృద్ధదంపతులు రాత్రి తొమ్మిదింటికి భోజనము ముగించి వీడియో కాలుకై టాబ్లెట్టును నీళ్ళచెంబుకు ఆనించి నిలబెట్టుకొని కూర్చుందురు. అటువైపు తెల్లవారి అందరును హడావుడిలో ఉందురు. అయిదు నిమిషములలో మాట అయిపోవును, టాబ్లెట్టు మాత్రము చాలసేపు అట్లే నిలిచియుండును. ఏకాకిత్వమునకు దీనికంటె నిర్వచనము నాకు దొరకలేదు. స్వేచ్ఛ అనగా మనకు పండుగ మాట. యాలమ్‌కు అది బరువు. ఇంటరు పిల్లవానికి ఎంపికయే లేదని మనమనుకొందుము; కాని లోపల ఎక్కడనో, ఈ చదువు నాకు వద్దని చెప్పగలిగియు చెప్పలేదను సంగతి వానికి తెలియును, అదియే వానిని రాత్రులు తినివేయును.

ఇక్కడ నేను కొంచెము కఠినముగా మాటలాడవలసియున్నది. ఈ తత్త్వమాధుర్యమునకు మురిసిపోయి, ప్రతి దిగులును జీవితప్రశ్నగా భావించుట ప్రాణాంతకము కాగలదు. రెండు వారములకు మించి నిద్ర, ఆకలి చెడి, మాట, నడక మందగించి, ఇష్టమైనవారు వచ్చినను మొగములో వెలుగు లేనివానికి, చెవులలో లేని మాటలు వినబడుచున్నవానికి, ఇక బ్రతికి ఏమి లాభమని పదేపదే అనుచున్నవానికి మొదట కావలసినది వైద్యుడు. ఎం.బి.బి.ఎస్. పైన మనోవైద్యము చదివినవారు సైకియాట్రిస్టులు, మందు వ్రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టులు మందు వ్రాయరు, మాటలతో చికిత్స చేయుదురు, వారికి భారత పునరావాస మండలిలో నమోదు ఉండవలెను, ఉన్నదా యని అడుగుటలో తప్పు లేదు. కౌన్సెలరను బోర్డు మాత్రము ఎవరైనను కట్టుకొనవచ్చునని జ్ఞాపకముంచుకొనుడు. తాడేపల్లివారికి గుంటూరు పెద్దాసుపత్రి దూరము కాదు. మంగళగిరి ఎయిమ్స్ ఇంకను దగ్గర. 14416 అను నంబరునకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. టెలి మానస్ అను ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు 10న మొదలైనది, తెలుగులో మాటలాడుదురు.

పత్తినేలలవారికి ఈ హెచ్చరిక వేరుగా చెప్పవలెను. 1980ల నడుమ తెల్లదోమ, 1990ల చివర పచ్చపురుగు మందులకు లొంగక పత్తిని తినివేసినప్పుడు, ప్రకాశము, గుంటూరు సీమలలో అప్పులు మోయలేని రైతులు కొందరు ప్రాణములు తీసికొనిరి. వారి దుఃఖము అర్థశూన్యతనుండి పుట్టినదని చెప్పుట వారిని అవమానించుట. అది వడ్డీ లెక్కలనుండి, నకిలీ సరుకునుండి, పండని చేనినుండి పుట్టినది. అప్పు తీర్చు మార్గము చూపవలసినచోట అంతరంగమును శోధింపుమనుట సహాయము కాదు. అయితే ఒక్క సంగతి మాత్రము ప్రతి ఇంటివారు చేయదగినది కలదు. చావవలెనను తలపు చాలమందిలో గడియలపాటే తీవ్రముగా ఉండి తగ్గిపోవును. ఆ గడియలో చేతికి ఏమి అందుబాటులో ఉన్నదను దానిపైననే చావుబ్రతుకులు ఆధారపడియుండును. శ్రీలంకలో 1995లోను, 1998లోను ఘోరమైన పురుగుమందులను నిషేధించిన పిమ్మట ఆత్మహత్యల రేటు పదేండ్లలో సగమునకు పడిపోయెను. కనుక పురుగుమందు ఇంటిలో నిలువ ఉంచకుడు. ఉంచక తప్పనిచో తాళము వేసి, తాళంచెవి దిగులుతో ఉన్నవారికి తెలియనిచోట పెట్టుడు. చచ్చిపోవలెననిపించుచున్నదా యని సూటిగా అడుగుటచేత ఆ తలపు పుట్టునేమో యని జంకకుడు. అడుగుటచేత పుట్టదు, అడిగినవారితో మాటలాడవచ్చునను ధైర్యము కలుగును. 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము వచ్చిన తరువాత, అట్టి ప్రయత్నము చేసినవారిని నేరస్థులుగా గాక, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి ఆదుకొనవలెనని నియమము ఏర్పడినది.

దీనికి ఎదురు తప్పు కూడ కలదు: నిజముగా ప్రశ్న అయినదానిని రోగమని నోరు మూయించుట. త్రిపురనేని గోపీచందు 1940లలో ప్రకటించిన అసమర్థుని జీవయాత్ర నవలను, ఎందుకు అని ప్రశ్నించుట తనకు నేర్పిన తండ్రికి అంకితమిచ్చెను. అందులోని సీతారామారావుకు ప్రశ్నలకు కొదువ లేదు. వాని మాట ఓపికతో విని, తిరిగి ఒక ప్రశ్న వేయగల మనిషి దొరకలేదు. కథ శ్మశానములో ముగియును. సాహిత్య విమర్శకులు ఆ పాత్ర అసమర్థతను గూర్చి చాల వ్రాసిరి గాని, వాని చుట్టునున్నవారి అసమర్థతను గూర్చి అంతగా వ్రాయలేదని నాకు అనిపించుచుండును.

ఉండవల్లి పెద్దాయన దగ్గరకు తిరిగి వత్తము. ముందుగా ఆయనను మంగళగిరికి తీసికొనిపోయి చూపించితిమి. మందు అక్కరలేదని, నెల తరువాత మరల రమ్మని వైద్యులనిరి. ఆ మాట చేతికి వచ్చిన పిమ్మటనే నేను కాలువగట్టున ఒక చిన్న ప్రయత్నమునకు పూనుకొంటిని. మీరును ఇంటిలో పెద్దవారితో, ఉద్యోగము వదిలినవారితో, భర్త పోయినవారితో చేయదగినదే. నేను పెట్టుకొన్న నియమము ఒక్కటే: మొదటి అరగంట సలహా చెప్పరాదు. బడిపంతులుగా ముప్పదియేండ్లు గడపినవానికి ఇది ఉపవాసముకంటె కష్టమని మనవి.

పొలము మీకు ఏమేమి చేసిపెట్టేదని అడిగితిని. "పంట" అని ఊరకుండెను. నేనును ఊరకుంటిని. కాలువలో నీరు పోవు చప్పుడు తప్ప ఏమియు లేదు. కొంతసేపటికి, "టైము చెప్పేది" అనెను. తరువాత ఒకటొకటిగా నాలుగు సాయంకాలములలో వచ్చినవి. పొలము ఆయనకు గడియారము. పొలము ఆయన పేరు. ఊరిలో మల్లెతోటవాళ్ళనియే పిలిచెడివారు, తోట పోయిన పిమ్మట ఆ పిలుపు వినబడినప్పుడు సిగ్గువేయునట. పొలము ఆయన విద్య. పిడికెడు మట్టి చేతిలో నలిపి పదును చెప్పగలడు, ఇప్పుడు అది ఎవరును అడుగరు. పొలము ఆయనకు రేపు. ఈ మడి తరువాత ఏమి నాటవలెనను ఆలోచన నిద్రకు ముందు ఉండెడిది. అన్నిటికంటె నేనూహింపనిది, పొలము ఆయనకు ఒక శత్రువును ఇచ్చినది. పక్కచేని ఆసామితో గట్టు తగాదా ఇరువదియేండ్లు నడచినది. గట్టు పోయినది, తగాదాయు పోయినది, ఆ మనిషి మంగళగిరిలో ఇల్లు కట్టుకొని పోయెను. "వాడితో మాట్లాడి మూడేళ్ళయింది" అనుచున్నప్పుడు ఆయన గొంతులో ఉన్నది కోపము కాదు.

ఈ పట్టికను కాగితముమీద వ్రాసి చూచినచో, కౌలుడబ్బు వీనిలో ఒక్కదానికే బదులు వచ్చినదని పసిపిల్లవానికైనను తెలియును. బావమరిది ప్రశ్నకు, ఇంకేమి కావలెనను దానికి, జవాబు ఇన్ని వరుసలున్నది. కొన్నింటికి ప్రత్యామ్నాయము వెదకవచ్చును. పక్కచేని ఆసామి ఇల్లు మంగళగిరిలో ఎక్కడో కనుగొనుట కష్టము కాదు, పెద్దాయన కనుగొనెను, పోయెను, ఇద్దరును మరల తగవులాడుకొనిరి. నాలుగింటి మెలకువకు ఫ్రాంక్ల్ చెప్పిన కిటుకు ఒకటి ప్రయోగించితిమి: నిద్ర రావలెనని ప్రయత్నింపక, కనులు తెరచుకొని మేలుకొనియుండుటకే ప్రయత్నింపుమనుట. నిద్రను వెంటాడుట మానినచో అది తానే వచ్చునని సూత్రము. కొన్నిరాత్రులు పనిచేసినది, కొన్నిరాత్రులు లేదు.

అసలు మలుపు అయిదవ సాయంకాలమున, నేను అడుగకయే వచ్చెను. అంతవరకు ఆయన భూమి మాట వచ్చినప్పుడెల్ల, "అందరూ ఇచ్చారు, ఇచ్చాం" అనెడివాడు. ఆనాడు కృష్ణమీది బ్యారేజీ వైపు చూచుచు, "సంతకం నేనే పెట్టా మాస్టారూ. ఎవరూ చెయ్యి పట్టుకుని పెట్టించలా. మా తాత కొన్న నేల. ఆ రాత్రి పడుకోకుండా ఆలోచించే పెట్టా" అనెను. ఓదార్చుటకు నా నోట మాట వచ్చినది, మ్రింగితిని. తలరాత యని చెప్పియుందును, ఆ మాట ఆయన చేతిలోని సంతకమును లాగుకొని దేవునికి ఇచ్చివేసెడిది. తన బ్రతుకులోని పెద్ద నిర్ణయమును మొదటిసారి తనదిగా ఒప్పుకొనుచున్న మనిషికి ఓదార్పు అడ్డు. మేలైనను కీడైనను తానే ఎంచుకొన్నాడని తెలిసినవానికి దుఃఖము కలుగవచ్చును గాని, తాను వట్టి తీసివేయబడిన షెడ్డు కాడని కూడ తెలియును. చీకటి పడువరకు కూర్చుంటిమి. దోమలు కుట్టినవి. ఆయన తన తాతను గూర్చి చెప్పెను, నేను వింటిని.

ఇది నయమగుట యని నేననను. ఈ పద్ధతికి బెక్ పద్ధతికున్నంత లెక్కల ఆధారము లేదు. కాన్సరు రోగులలో, ఫ్రాంక్ల్ భావముల ఆధారముగా న్యూయార్కు వైద్యుడు బ్రైట్‌బార్ట్ రూపొందించిన చికిత్సకు మాత్రము మంచి ఫలితములు కనబడినవి. మన పెద్దాయన ఇప్పటికిని కొన్ని ఉదయములు చెప్పులు వేసికొని గడప దిగి నిలుచుండును.

మొన్న ఆయన రెండు రోజులు గట్టుకు రాలేదు. మూడవనాడు వచ్చి, పొలము ఉన్నచోటుకు ఒంటరిగా పోయివచ్చినానని చెప్పెను. గట్లు లేనందున గుర్తుపట్టుటకు గంటసేపు పట్టినదట. ఉండవల్లి కొండ అంచును, రోడ్డును చూచి లెక్కవేసికొని, షెడ్డు ఇక్కడనే ఉండెడిదని నిలుచుండెనట.

"ఏముందక్కడ?"

"పిచ్చి తుమ్మ మొలిచింది. మడిసెత్తు." కొంచెము ఆగి, బొటనవ్రేలితో చూపుడువ్రేలిని రాచుచు, లేని మట్టిని నలుపుచున్నట్లు చేసి, "గుప్పెడు తీసి చూశా మాస్టారూ. పదును మాత్రం భలే ఉంది" అనెను.

తాళంచెవి మాట నేనడుగలేదు.